నాకు పడదు: సంగీతానుభవం, దాన్ని చెప్పే మాటలు

ఒక కచేరి ముగిసి జనం బయటికి వస్తున్నప్పుడు వారి మాటలను చెవియొగ్గి వింటే ఒక విచిత్రం కనబడుతుంది. రెండున్నర గంటలసేపు అందరూ ఒకే చోట కూర్చొని ఒకే గొంతు విన్నారు. అయినా ఒకరు "పాట నిండుగా ఉంది" అంటారు. ఇంకొకరు "పొడిపొడిగా సాగింది" అంటారు. మూడోవారు "ఏమో, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి" అంటారు. ఈ ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ తప్పు కాదంటే సంగీతాన్ని గురించి మనం మాట్లాడుకొనేదంతా ఎవరి సొద వారిదేనా? అలాగైతే గురువు శిష్యుడికి ఏమి చెప్పగలడు? ఒక తరంవారు మరొక తరానికి ఏ రుచిని అందించగలరు? ఈ ప్రశ్నలను భాషాశాస్త్రం వైపునుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. శ్రోతను, మాటలతో పని చేసేవాణ్ణి.

విషయంలోకి వెళ్లేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది హోసూరు దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, వీథిలో కన్నడం, బడిలో తమిళం. మా అమ్మకు మోహన రాగం గిట్టేది కాదు. ఆమెకు రాగాల పేర్లు తెలియవు. "ఆ వరస" అనేది. సాయంత్రం రేడియోలో ఆ వరస మొదలైతే, ఎవరు పాడినా, ఏ వాద్యంమీద వాయించినా, రెండు మూడు క్షణాల్లో గుర్తుపట్టి లేచి రేడియో కట్టేసేది. నేను పట్నంలో చదువుకొంటూ సెలవులకు వచ్చినప్పుడు, కొత్తగా చదివిన పుస్తకాల బలంతో, అది ఉల్లాసాన్ని కలిగించే రాగమని, దాన్ని విని ముఖం చిన్నబుచ్చుకోవడం పొరపాటని ఆమెతో వాదించాను. ఆమె బియ్యం చెరుగుతూ "ఇంపుగానే ఉంటుందేమో నాయనా, నాకు పడదు" అని ఊరుకొన్నది. ఆ మాటను వ్యాసం చివర మళ్లీ తీసుకొంటాను.

రాగం అనే మాటలోనే శ్రోత

మన శాస్త్రకారులు సంగీతాన్ని శ్రోతనుంచి విడదీసి చూడలేదు. రాగం అనే పదం రంగు వేయడం, రంజింపజేయడం అనే అర్థం గల ధాతువునుంచి వచ్చింది. బృహద్దేశిలో మతంగుడు రాగాన్ని నిర్వచించినప్పుడు జనుల చిత్తాన్ని రంజింపజేయడం అనే లక్షణాన్ని నిర్వచనంలోనే చేర్చాడు. అంటే కేవలం స్వరాల వరుస రాగం కాదు. వినేవాడి మనసుకు ఆ రంగు అంటినప్పుడే అది రాగం. రసం అనే మాట కూడా ఇటువంటిదే. అది నాలుకకు సంబంధించిన పదం. భరతుడు నాట్యశాస్త్రంలో రసాన్ని వివరించడానికి రకరకాల వ్యంజనాలతో వండిన అన్నాన్ని ఆస్వాదించే భోక్తను ఉదాహరణగా తీసుకొన్నాడు. వంట ఒకటే అయినా రుచి తినేవాడికి తెలియవలసిందే.

అయితే అదే భరతుడు ఏ స్వరం ఏ రసానికి తగినదో కూడా చెప్పాడు. హాస్య శృంగారాలకు మధ్యమ పంచమాలు, వీర రౌద్ర అద్భుతాలకు షడ్జ రిషభాలు, కరుణకు గాంధార నిషాదాలు, బీభత్స భయానకాలకు ధైవతం. ఒకవైపు అనుభవం భోక్తది అంటూ, మరొకవైపు అందరికీ వర్తించే పట్టిక ఇవ్వడం పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. నిజానికి సంగీతాన్ని గురించిన చర్చ అంతా ఈ రెండింటి మధ్యనే నడుస్తుంది. అభినవగుప్తుడు సహృదయుడు, సాధారణీకరణం అనే భావనలతో ఈ రెంటినీ కలపడానికి ప్రయత్నించాడు. సొంత సుఖదుఃఖాలను కొంత పక్కకు పెట్టి అనుభవించగలిగినవాడే సహృదయుడని ఆయన మతం. మా అమ్మ ఆ వరసను అలా పక్కకు పెట్టి వినలేకపోయింది. అందువల్ల ఆమె అనుభవం అబద్ధమవుతుందా అన్నది నా సందేహం.

నాలుగు రకాల మాటలు

పాటను గురించి తెలుగువారు వాడే మాటలను విడదీసి చూస్తే నాలుగు తరగతులు కనబడతాయి.

మొదటి తరగతి చేతకు సంబంధించినవి. నొక్కు, జారు, మీటు, పట్టు, దాటు, ఎత్తుగడ, ముక్తాయింపు మొదలైనవి. 1904లో తమిళనాట ఎట్టయపురంనుంచి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు వేరువేరు గుర్తులు ఉన్నాయి. అక్కడ కంపితం, స్ఫురితం వంటి సంస్కృత పదాల పక్కనే నొక్కు, జారు, ఖండింపు వంటి ఇంటి మాటలూ కూర్చున్నాయి. ఇవి వీణమీద వేలు చేసే పనికి పేర్లు. వేలు తంతిని నొక్కిందా లేదా అన్నదాంట్లో అభిప్రాయభేదానికి చోటు తక్కువ. కనుకనే ఈ మాటలు తరాలు దాటి, భాషలు దాటి నిలిచాయి. తెలుగు రాని వైణికులకు కూడా ఇవి తెలిసిన మాటలే.

రెండో తరగతి ఇతర ఇంద్రియాలనుంచి అరువు తెచ్చుకొన్నవి. తీయని గొంతు, చప్పని పాట, గరుకు గొంతు, మెత్తని పలుకు, పదునైన స్వరం, చిక్కని ఆలాపన, నిండు పాట. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలను ఘనరాగ పంచకం అంటాం. ఘనం అంటే బరువు, చిక్కదనం. రాగాన్ని తూచే తక్కెడ ఎక్కడా లేదు. అయినా ఈ ఐదింటిలో త్యాగరాజు రచించిన పంచరత్న కృతులను విన్నవారికి ఆ మాట ఎందుకు వచ్చిందో కొంత తెలుస్తుంది. ఇక్కడ ఒప్పందం ఉంది కాని అది సడలని ఒప్పందం కాదు. ఒకరికి నిండుగా తోచింది మరొకరికి బరువుగా తోచవచ్చు.

మూడో తరగతి మనోభావాలకు చెందినవి. కరుణ, విరహం, ఉల్లాసం, ప్రశాంతి. ఇక్కడికి వచ్చేసరికి భేదాలు పెరుగుతాయి. ఒకే ఆలాపనను ఒకరు వేడికోలు అంటారు, ఇంకొకరు నిష్ఠూరం అంటారు.

నాలుగో తరగతి వర్ణనే కాదు. ఆహా, భలే, శభాష్ అనడం, తల ఊపడం, తొడమీద తాళం వేయడం. దక్షిణాది సభల్లో మంచి సంగతి పడినప్పుడు నాలుకతో "చ్చొ చ్చొ" అని చప్పుడు చేసే అలవాటు ఉంది. కొత్తవారికి అది జాలిపడినట్టు వినిపిస్తుంది. తెలిసినవారికి అది పెద్ద మెప్పు. ఈ ధ్వనులు ఏ విషయాన్నీ ప్రతిపాదించవు కనుక వాటికి ఒప్పు తప్పులు లేవు. బహుశా అందుకే సభలో ఇవి ఒకరినుంచి ఒకరికి తేలికగా పాకుతాయి. వర్ణనలో విడిపోయినవారు భలే అనడంలో కలుసుకొంటారు.

మొదటి తరగతినుంచి మూడో తరగతికి వెళ్లే కొద్దీ ఒప్పందం తగ్గుతూ పోతుందన్నది గమనార్హం. సంగీతాన్ని గురించి తగవు పడేవారు చాలాసార్లు వేరువేరు తరగతుల మాటలతో మాట్లాడుతుంటారు. ఒకరు నొక్కును గురించి చెబుతుంటే మరొకరు కన్నీటిని గురించి చెబుతారు. ఇద్దరిదీ నిజమే, కాని అవి రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

ఎత్తు, పల్లం, సన్నం, లావు

రెండో తరగతి మాటలు అలంకారాలే కదా, అనుభవాన్ని అవి మార్చవు కదా అని అనుకోవచ్చు. ఇది అంత తేలిగ్గా తేలే విషయం కాదు. స్వరస్థాయిని చెప్పడానికి పైకి, కిందికి అనే మాటలు మనకు ఎంత సహజమంటే అది అలంకారమని కూడా గుర్తుండదు. పాణిని ఉదాత్తానుదాత్తాలను నిర్వచించినప్పుడు కూడా ఎత్తు పల్లాల మాటలనే వాడాడు. అయితే మన వీణను చూడండి. తారస్థాయికి పోవాలంటే వేలు పైకి పోదు, కుడివైపు కుండ దిక్కుకు పక్కగా జరుగుతుంది. ఎత్తు అనేది నాదంలో ఉన్న గుణం కాదు, మన మాటలో ఉన్న ఊహ.

ఇతర భాషలు వేరే ఊహలు చేశాయి. ప్రాచీన గ్రీకులో ఇదే భేదాన్ని పదును, బరువు అనే మాటలతో చెప్పారు. పారశీక భాషలో సన్నం, లావు అంటారు. 2013లో డోల్‌షైడ్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో డచ్చి భాషీయులను, పారశీక భాషీయులను పోల్చి చూశారు. విన్న స్వరాన్ని తిరిగి పాడమన్నప్పుడు, తెరమీద గీత ఎత్తుగా కనబడితే డచ్చివారి స్వరం ఆ వైపుకు జరిగింది. గీత మందం మారితే పారశీకుల స్వరం జరిగింది. మరింత విశేషమేమంటే, డచ్చివారికి కొంతసేపు సన్నం లావు పద్ధతిలో మాట్లాడటం అభ్యాసం చేయిస్తే వారూ పారశీకులవలెనే ప్రవర్తించారు. అంటే మాట కేవలం అనుభవం వెనక నడిచేది కాదు, కొంతవరకు దాన్ని దిద్దుతుంది కూడా.

తెలుగులో ఈ రెండు ఊహలూ ఉన్నాయి. పై షడ్జం, కింది స్థాయి అనేది పాఠం చెప్పేవారి భాష. సన్నని గొంతు, బండ గొంతు అనేది ఇంటి భాష. పాఠంవల్ల మొదటిది బలపడి రెండోది గొంతు స్వభావాన్ని చెప్పడానికే మిగిలిపోయింది.

నేర్చుకొన్న చెవి

అనుభవం ఎవరిది వారిదే అన్నంతమాత్రాన అది అడ్డదిడ్డంగా ఉంటుందని కాదు. ఆరభి, దేవగాంధారి రాగాలను తీసుకోండి. రెండింటి ఆరోహణావరోహణలూ ఒకటే. కాగితంమీద చూస్తే భేదం లేదు. కాని ఆరభి నడక చురుకైనది, స్వరాలు నిలువుగా నిలబడతాయి. దేవగాంధారి నిదానంగా, ఊగుతూ సాగుతుంది. అలవాటు లేని చెవికి ఇవి ఒకే రాగం, అలవాటైన చెవికి రెండు వేరువేరు లోకాలు. రెండో శ్రోతది ఊహ కాదు. ఆయన చెవి నిజంగానే ఎక్కువ వింటున్నది.

షోలాపూరు తెలుగువారికి మరొక ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. మన మోహనలోని ఐదు స్వరాలే హిందుస్తానీలో భూప్‌లోనివి. మన హిందోళంలోనివే మాల్కౌన్స్‌లోనివి. హిందుస్తానీ సంప్రదాయంలో భూప్ రాత్రి మొదటి జాముది, మాల్కౌన్స్ బాగా పొద్దుపోయిన రాత్రిది. కర్ణాటక సంప్రదాయంలో వీటికి అంత గట్టి కాలనియమం లేదు. అక్కడి శ్రోతకు ఆ స్వరాలతోపాటు రాత్రి కూడా వినబడుతుంది. మనకు వినబడదు. ఇటువంటి నమ్మకాలు మనకూ ఉన్నాయి. పొద్దున్నే ఆహిరి పాడితే ఆ పూట అన్నం దొరకదనేవారు. వరాళిని శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పరాదనేవారు. ఇవి స్వరాల గుణాలు కావు, జనం ఆ స్వరాల చుట్టూ కట్టుకొన్న కథలు. కాని ఆ కథ విన్నవాడు ఆ రాగాన్ని మునుపటిలా వినలేడు.

సంస్కృతి ఎంతవరకు, సహజం ఎంతవరకు అన్న ప్రశ్నమీద కొన్ని మంచి పరిశోధనలు జరిగాయి. 1999లో బాల్క్‌విల్, థామ్సన్ అనే పరిశోధకులు హిందుస్తానీ రాగాలతో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు ఆ రాగాలను వినిపించారు. సంతోషం, దుఃఖం, కోపం ఉద్దేశించిన చోట్ల వారు చాలావరకు గుర్తించగలిగారు. వేగం, లయ క్లిష్టత వంటివి అందుకు దారి చూపాయి. శాంతం విషయంలో మాత్రం ఆ స్పష్టత రాలేదు. 2016లో మెక్‌డెర్మట్, ఆయన సహచరులు బొలీవియా అడవుల్లోని త్సిమానే జనులకు పొంతన గల స్వరజంటలను, పొంతన లేని స్వరజంటలను వినిపించారు. పాశ్చాత్యులకు మొదటివి ఇంపు, రెండోవి కటువు. త్సిమానేవారు రెండింటి తేడాను పసిగట్టగలిగినా ఒకదానికంటె మరొకటి ఇంపు అని చెప్పలేదు.

ఈ రెండు ఫలితాలను కలిపి చూస్తే ఒక మధ్యేమార్గం కనబడుతుంది. వేగం, బలం, మందగతి వంటివి మనిషి దేహానికి సంబంధించినవి కనుక హద్దులు దాటి అందుతాయి. శాంతం, పొంతన వంటివి పెంపకంతో వచ్చేవి. ఆ రెంటిపైన మూడో పొర ఒకటి ఉంది. అది ఒక్కొక్క మనిషి సొంత జీవితం. ఆ పొరను ఏ ప్రయోగశాలా పూర్తిగా పట్టుకోలేదు.

అర్థం తెలిసిన పాట, తెలియని పాట

తమిళనాట స్థిరపడిన మనకు ఈ చర్చ ఒకప్పుడు ఇంటి తగవుగా వచ్చింది. 1940లలో రాజా సర్ అణ్ణామలై చెట్టియారు చొరవతో తమిళ ఇసై ఉద్యమం బలపడి, 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంగం ఏర్పడింది. శ్రోతలకు తెలియని భాషలో పాడితే భావం ఎలా అందుతుందని ఒకరు, నాదానికి భాష అడ్డుకాదని ఒకరు వాదించారు. ఆ వాదంలో రాజకీయం, ఆత్మగౌరవం, సభల్లో స్థానం అన్నీ ఉన్నాయి. వాటిని పక్కకు పెట్టి చూస్తే ఇరుపక్షాలవారూ తమ తమ అనుభవాన్ని నిజాయితీగానే చెప్పారనిపిస్తుంది. పొరపాటల్లా తన అనుభవమే అందరి అనుభవం అనుకోవడంలో ఉంది.

తెలుగు తెలిసిన శ్రోతకు త్యాగరాజ కృతిలో మాట ముందుగా చెవిన పడుతుంది. పదాన్ని తప్పుచోట విరిస్తే ఆ నొప్పిలో మంచి సంగతి కూడా జారిపోతుంది. తెలుగు తెలియని శ్రోతకు ఆ నొప్పి లేదు. అచ్చులు, హల్లులు స్వరంలో ఎలా కరుగుతున్నాయో ఆయన వింటాడు. మనకు దొరికే అర్థం ఆయనకు దొరకదు, ఆయనకు దొరికే ఆ నాదపు నునుపు ఒక్కోసారి మనకు దొరకదు. తంజావూరు నాయకరాజుల కాలంలో స్థిరపడిన కుటుంబాలవారు మేలట్టూరులో నేటికీ నరసింహ జయంతికి వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు ప్రహ్లాద చరిత్రను ఆడుతున్నారు. చూసేవారిలో ఎక్కువమంది తమిళులు. ఆ రాత్రి వారికి కలిగే అనుభవాన్ని తక్కువ అనుభవం అనే అధికారం మనకెవరికీ లేదు.

నాకు, మనకు

ఇక వ్యాకరణం. "పాట బాగుంది" అన్న వాక్యంలో మాట్లాడేవాడు దాక్కొంటాడు. గుణం పాటలోనే ఉన్నట్టు వినిపిస్తుంది. "పాట నాకు నచ్చింది" అన్నప్పుడు ఆయన బయటికి వస్తాడు. ఈ రెండూ ఒకటి కావని చెప్పడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. "పాట బాగుంది కాని నాకు నచ్చలేదు" అంటే ఎవరూ విడ్డూరంగా చూడరు. మనం రోజూ అనే మాటే అది.

రెండో వాక్యంలో అనుభవించేవాడు కర్త కాడు. "నాకు" అని చతుర్థీ విభక్తిలో ఉంటాడు. అనుభవం ఆయన చేసే పని కాదు, ఆయనకు వచ్చి తగిలేది. నాకు ఏడుపు వచ్చింది, నాకు పాట గుర్తుకొచ్చింది, నాకు వినబడింది, అన్నీ అంతే. మన చుట్టూ ఉన్న భాషలదీ ఇదే తీరు. తమిళంలో "ఎనక్కుప్ పిడిక్కుం", కన్నడంలో "ననగె ఇష్ట", మరాఠీలో "మలా ఆవడలం", ఒడియాలో "మోతే భల లాగుఛి". ద్రావిడ భాషలు, ఆర్యభాషలు అన్న భేదం లేకుండా ఈ ప్రాంతపు భాషలన్నీ అనుభవాన్ని ఇలాగే చెబుతాయి.

తెలుగులో మరొక చక్కని క్రియ ఉంది, అనిపించు. ఇది అను ధాతువుకు ప్రేరణార్థక రూపం. "నాకు బాగుందనిపించింది" అంటే బాగుంది అని నాచేత అనేట్టు చేసిందని. పాట బాగుందన్న తీర్పు కాదు, ఆ తీర్పు నా నోటికి ఎలా వచ్చిందో చెప్పే వాక్యం. విమర్శకుడికి ఇంతకంటె నమ్రమైన, ఇంతకంటె కచ్చితమైన క్రియ దొరకదు.

ఇంకొక సౌకర్యం మనం, మేము అన్న భేదం. ఎదుటివాణ్ణి కలుపుకొంటే మనం, విడిచిపెడితే మేము. తమిళానికీ మరాఠీకీ కూడా ఈ భేదం ఉంది. సంగీతాన్ని గురించిన మంచి సంభాషణ "నాకు" తో మొదలై "మనకు" చేరడానికి ప్రయత్నిస్తుంది. "ఆ గాంధారం దగ్గర నాకు ఏదో అయింది, మళ్లీ విను" అంటాం. ఎదుటివాడు విని "అవును" అంటే అక్కడ మనం పుడుతుంది. అనకపోయినా నష్టం లేదు. అతడు కాదన్నప్పుడు కూడా ఆ గాంధారాన్ని మొదటిసారి శ్రద్ధగా విని ఉంటాడు. గురువు శిష్యుడికి చెప్పగలిగింది బహుశా ఇంతే. అనుభవాన్ని చేతికి ఇవ్వలేడు, ఎక్కడ వినాలో చూపగలడు.

మా అమ్మ పోయిన తరవాత ఆమె అక్క చెప్పగా నాకు తెలిసింది. మా మేనమామ చిన్నవయసులో చనిపోయిన కబురు ఇంటికి వచ్చిన సాయంత్రం పక్కవీథిలో పెళ్లి. నాదస్వరంలో ఆ వరసే వాయిస్తున్నారట. అమ్మ ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. నేను పుస్తకం పట్టుకొని వాదించిన రోజు కూడా చెప్పలేదు. ఆమె ఆ రోజు అన్నదాన్ని ఇప్పుడు విడదీసి చూస్తే సిగ్గు వేస్తుంది. "ఇంపుగానే ఉంటుందేమో" అనడంలో రాగానికి పదిమంది ఇచ్చిన స్థానాన్ని ఆమె ఒప్పుకొన్నది. "నాకు" అనడంలో తన హద్దు తాను గీసుకొన్నది. "పడదు" అనేది ఒంటికి సరిపడని తిండిని గురించి అనే మాట. రసాన్ని భోజనంతో పోల్చిన భరతుడికి ఆ మాట వెంటనే అర్థమై ఉండేది. ఆమె రాగాన్ని తప్పు పట్టలేదు. నేనే ఆమె అనుభవాన్ని తప్పు పట్టాను. ఆమె "నాకు" ను బలవంతంగా "మనకు" చేయబోయాను.

మన ఇళ్లలో ఇటువంటి మాటలు ఇంకా ఉన్నాయి. బరంపురంలో, బళ్లారిలో, మదురైలో, షోలాపూరులో, యానాంలో తెలుగు లిపి రాని పెద్దలు కూడా పాటను గురించి మాట్లాడుతారు. వారి మాటల్లో పక్క భాషల రంగు ఉంటుంది, మన నిఘంటువుల్లో లేని పలుకుబడి ఉంటుంది. పిల్లలకు ఇప్పుడు ప్రతి పాటా "సూపర్" మాత్రమే. ఆ ఒక్క మాటలో నొక్కూ లేదు, చిక్కదనమూ లేదు, నాకు అనేదీ లేదు. పాఠకులు తమ ఇంటి పెద్దలతో ఒక సాయంత్రం కూర్చొని ఏదైనా పాట విని, వారు ఏ మాట అన్నారో, ఎవరి యాసలో అన్నారో అలాగే రాసి పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. దిద్దవద్దు. వాదించవద్దు. పడదు అంటే ఎందుకు పడదో అడగండి. నేను ఆ రోజు అడగలేదు.